గీకిన కొద్దీ పెరిగే పాలిప్‌లు: ఇంటి రీఫ్ ట్యాంకులో ఏది ఎలా పోతుంది?

"అన్నా, మొదట ఒక్కటే ఉండె. పువ్వు లెక్క మంచిగున్నదని ఉంచిన. ఇప్పుడు ఏ రాయి తిప్పినా అదే. బ్లేడుతోని గీకిన కొద్దీ ఎక్కువైతున్నయి." హనుమకొండ, కాజీపేటల్లో పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు, అంటే రీఫ్ ట్యాంకు, పెట్టుకున్నవాళ్లు ఎక్కువమంది లేరు గానీ, ఉన్నవాళ్లలో ఎవరిని కదిపినా రెండో ఏడాదికల్లా ఈ మాట వినిపిస్తుంది.

దానికి వచ్చే సలహాలు మాత్రం పదిరకాలు. నిమ్మరసం ఎక్కించమని ఒకరు, మరిగే నీళ్లు పొయ్యమని ఒకరు. సున్నం పెట్టు, రొయ్యల్ని వెయ్యి, మేకలకు తాపే నట్టల మందు కలుపు, వారం రోజులు లైట్లు ఆర్పెయ్యి, ఏదీ కాకపోతే రాయి తీసి ఉడకబెట్టు. తమాషా ఏమిటంటే వీటిలో చాలావరకు ఎవరో ఒకరికి పనిచేసినవే. చివరిది మాత్రం కొందరిని ఆసుపత్రి పాలు చేసింది. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

సలహాలు ఇలా ఒకదానితో ఒకటి కొట్టుకోవడానికి కారణం, చెప్పేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో జంతువును మనసులో పెట్టుకుని చెప్పడం. రాయికి కింద అతుక్కున్న గొట్టం, పైన నోరు, నోటి చుట్టూ టెంటకిల్స్ అనే వేళ్లలాంటి తంతువులు. దీన్నే పాలిప్ అంటారు. ఈ రూపం ఎనిమోన్లకూ ఉంది, మెత్తని పగడాలకూ ఉంది, జోయాంథిడ్లకూ ఉంది, హైడ్రాయిడ్లకూ ఉంది. చూడ్డానికి దగ్గరి చుట్టాల్లా ఉన్నా అవి పిల్లల్ని పెట్టే పద్ధతి వేరు, ఒంట్లో ఉన్న సరుకు వేరు. నా ఉద్దేశంలో మందు ఏదన్న ప్రశ్న రెండోది. ఇది ఎలా పెరుగుతోంది అన్నది మొదటిది. దానికి జవాబు దొరికితే సగం సలహాలు వాటంతట అవే రాలిపోతాయి.

ఐప్టేసియా: కాలి ముక్కలోంచి పుట్టేది

ఎక్కువ ట్యాంకుల్లో తగిలేది ఐప్టేసియా అనే చిన్న ఎనిమోన్. గోధుమ రంగు, కాస్త అవతలి వైపు కనిపించేంత పారదర్శకమైన ఒళ్లు, సన్నగా పొడుగ్గా మొన తేలిన టెంటకిల్స్. రాతి పగుళ్లలో కాలు దాచుకుని తల మాత్రం బయట పెడుతుంది. వేలు దగ్గరికి తెస్తే చటుక్కున రంధ్రంలోకి జారిపోతుంది. గట్టిగా కెలికితే ఒంటి పక్కల నుంచి, నోట్లోంచి తెల్లటి దారాలు బయటికి వస్తాయి. చాలామంది వీటిని చూసి "విత్తనాలు వదులుతోంది" అని టెన్షన్ పడతారు. అవి విత్తనాలు కావు. అకాన్షియా అనే ఆ దారాల నిండా కుట్టే కణాలుంటాయి. అవి దాని ఆయుధాలు. పక్కనున్న పగడాన్ని కాల్చేవి కూడా ఇవే.

మరి గీకితే ఎందుకు పెరుగుతుంది? ఐప్టేసియా కాలి అంచు నుంచి చిన్న చిన్న కణజాలపు ముక్కలు ఊడి రాతి మీద ఉండిపోతాయి. మెల్లగా జరిగేటప్పుడు అది తనంతట తానే ఇలా ముక్కలను వదులుతుంది. ఒక్కో ముక్కకు కొద్ది వారాల్లోనే టెంటకిల్స్ మొలిచి మరో పూర్తి జంతువు తయారవుతుంది. ఆడ, మగ అక్కర్లేదు, తోడు అక్కర్లేదు. ఒక్కటి చాలు. బ్లేడు పెట్టి గీకినప్పుడు పైభాగం పోతుంది, కాలు తెగి రాతి గుంతల్లో నాలుగైదు చోట్ల అంటుకుని మిగులుతుంది. పత్తి చేనులో తుంగను పైపైన కోసి గడ్డను నేలలో వదిలేసినట్టే. బ్రష్‌తో రుద్దినవాళ్లు మరింత కష్టాల్లో పడతారు, ఎందుకంటే రాలిన ముక్కల్ని పంపు ట్యాంకంతా తిప్పుతుంది.

లైట్లు ఆర్పేయమనే సలహా దీని విషయంలో దండగ. ఐప్టేసియా కణాల్లోనూ పగడాల్లో ఉన్నట్టే శైవలాలు (కంటికి కనిపించనంత చిన్న నాచు) కాపురముంటాయి, వెలుతురులో అవి చేసే ఆహారంలో వాటా పెడతాయి. కానీ శైవలాలు పోయినా ఐప్టేసియా చావదు. టెంటకిల్స్‌తో దొరికింది పట్టుకు తిని నెలల తరబడి తెల్లగా బతికేస్తుంది. ట్యాంకును చీకటి చేస్తే ముందు చచ్చేవి మనం డబ్బు పోసి తెచ్చుకున్న పగడాలు.

పగడాలకూ శైవలాలకూ మధ్య పొత్తు ఎలా నిలబడుతుందో, వేడికి ఎలా తెగిపోతుందో తెలుసుకోవడానికి ప్రపంచంలో అనేక ప్రయోగశాలలు పెంచుకునే జంతువు కూడా ఇదే. త్వరగా పెరుగుతుంది, ఒకే జంతువు నుంచి వచ్చిన నకళ్లు ఎన్నైనా దొరుకుతాయి, శైవలాలు తీసేసినా బతుకుతుంది. పరిశోధకుడికి అంతకంటే ఏం కావాలి? 2015లో దీని జన్యుక్రమం మొత్తాన్ని ప్రచురించారు. మనం తిట్టుకునే గుణాలూ వాళ్లు మెచ్చుకునే గుణాలూ అవే.

సున్నం ఎలా పనిచేస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

కాలు తెగకుండా, జంతువు మొత్తం ఉన్నచోటే చావాలి. ఐప్టేసియా మీద పనిచేసే ప్రతి పద్ధతి వెనకా ఉన్న సూత్రం ఇదే. బజార్లో ఐప్టేసియా-ఎక్స్ లాంటి తయారు మందులున్నాయి. ఎనిమోన్ నోటి దగ్గర వదిలితే ఆహారమనుకుని మింగి లోపల్నుంచి చస్తుంది. కానీ వరంగల్‌లో అది కావాలంటే హైదరాబాద్ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి. చవగ్గా, చేతికందే దూరంలో ఉన్నది సున్నం. అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. రీఫ్ ట్యాంకుల్లో కాల్షియం కోసం వాడే కాల్క్‌వాసర్ అన్నదీ సున్నపు నీళ్లే.

సున్నపు తేట పీహెచ్ 12.4 దాకా ఉంటుంది. సముద్రపు నీటిది 8.2కు అటూ ఇటూ. అంత క్షారం తగిలిన కణజాలం కరిగిపోతుంది. పైగా ముద్దగా పెడితే ఎనిమోన్‌ను కప్పేసి, అది దూరిన రంధ్రాన్ని కూడా మూసేస్తుంది. ముక్క మిగిలినా బయటికి రాలేదు.

అయితే ఏ సున్నం పడితే అది పనికిరాదు. గోడలకు వేసే సున్నంలో ఏమేం కలిసి ఉంటాయో చెప్పలేం. పాన్ డబ్బాలో దొరికే సున్నంలో కొన్నిటికి రంగు, వాసన కలుపుతారు. ల్యాబ్ కెమికల్స్ అమ్మే దుకాణాల్లో దొరికే శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి మేలు. అది కూడా గాలి తగలకుండా మూత బిగించి ఉంచాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని అది నెమ్మదిగా సుద్దగా మారిపోతుంది. ఏడాది నుంచి మూత వదులుగా ఉన్న డబ్బాలోంచి తీసి వాడి, "సున్నం పనిచెయ్యలేదన్నా" అనేవాళ్లు నిజానికి ఎనిమోన్‌కు సుద్దముక్క తినిపించినట్టు లెక్క.

పని చేసే తీరు ఇదీ. పొడిని ఆర్‌ఓ నీళ్లతో కలపాలి. సూదిలోంచి జారేంత పలుచగా, నీళ్లలో పడగానే చెదిరిపోనంత చిక్కగా ఉండాలి. ఇన్సులిన్ సిరంజి సూదిలో ఇది ఇరుక్కుపోతుంది. 5 ఎంఎల్ సిరంజికి 18 గేజ్ సూది తగిలించి, మొన అరగదీసి వాడితే సరిపోతుంది. ముందు పంపులన్నీ ఆపాలి. ట్యాంకులో నీళ్లు కదలకుండా నిలబడ్డాక కొద్దిగా మేత వదిలితే ఐప్టేసియా టెంటకిల్స్ పూర్తిగా చాచుతుంది. సూదిని పైనుంచి కాకుండా పక్క నుంచి, నీడ పడకుండా తీసుకెళ్లాలి. మొదటి చుక్క నోటి మీద. అది ముడుచుకుంటుండగానే మిగతాది పైనా చుట్టూ కప్పేయాలి. ముడుచుకుని లోపలికి పోయాక పెట్టడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే, ఆ రోజుకు దాన్ని వదిలేసి పక్కదాని పని చూడటం నయం. పదిహేను ఇరవై నిమిషాల తర్వాత పైన తేలిన ముద్దను సన్నటి పైపుతో లాగేసి, అప్పుడు పంపులు వెయ్యాలి.

బెడిసికొట్టేది మోతాదులో. 100 లీటర్ల నీటిలో 1 గ్రాము సున్నం కరిగితే ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని చల్లార్చే గుణం, దాదాపు 0.75 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) పెరుగుతుంది. సంఖ్యగా చిన్నదే, కానీ అది హైడ్రాక్సైడ్ రూపంలో వస్తుంది కాబట్టి పీహెచ్ వెంటనే పైకి లేస్తుంది. 100 లీటర్ల ట్యాంకులో ఒకే రాత్రి యాభై ఎనిమోన్ల మీద పడి నాలుగైదు గ్రాములు కుమ్మరిస్తే తెల్లారేసరికి చేపలు పైకి తేలతాయి. చచ్చిన ఎనిమోన్లు కుళ్లి వదిలే అమ్మోనియా దీనికి తోడు. ఒకసారికి ఐదారు, మళ్లీ రెండు మూడు రోజులకు ఐదారు. ఓపిక లేనివాడికి ఈ పద్ధతి పడదు.

కంటికి అద్దాలు పెట్టుకోమంటే చాలామంది నవ్వుతారు. సున్నం ప్యాకెట్ నొక్కితే చిట్లి పిల్లల కళ్లలో పడి చూపు దెబ్బతిన్న కేసులు మన దేశంలో కంటి డాక్టర్లకు కొత్త కాదు. ఇరుక్కున్న సిరంజిని గట్టిగా నొక్కినప్పుడు ఎదురుగా ఉండేది మన ముఖమే.

మరిగే నీళ్లను సిరంజితో ఎక్కించడం కూడా పనిచేస్తుంది, ముఖ్యంగా రాయిని బయటికి తీయగలిగితే. దీనికి ట్యాంకు రసాయనంతో పేచీ లేదు. నిమ్మరసం, వెనిగర్ బలహీనం. సముద్రపు నీటికి ఆమ్లాన్ని చల్లార్చే గుణం ఉంది, సూది సరిగ్గా ఒంట్లో దిగకపోతే ఆ పులుపు క్షణాల్లో వీగిపోతుంది. ఎనిమోన్ ముడుచుకుంటుంది, మనం చచ్చిందనుకుంటాం, వారానికి మళ్లీ లేస్తుంది.

తినే జీవులు, దొరికే జీవులు

వందల్లో ఉన్నప్పుడు సిరంజితో తేలదు, తినేవాటిని దింపాలి. పుస్తకాల్లో మొదటి పేరు బెర్గియా అనే చిన్న సముద్రపు నత్త, పెంకు లేనిది. దీని తిండి ఐప్టేసియా ఒక్కటే. రాత్రిపూట తిరుగుతుంది, కాలి ముక్కలతో సహా తినేస్తుంది, తిన్నదాని కుట్టే కణాలను దాచుకుని తన వీపు మీది పిలకల్లో ఆయుధంగా పెట్టుకుంటుంది. కావలసిన జీవే, కానీ ట్యాంకులో ఐప్టేసియా అయిపోగానే ఆకలికి చస్తుంది. రాస్ చేపలు దొరికితే వదలవు. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. పైగా తీరం నుంచి గీత గీసి కొలిచినా దాదాపు 250 కిలోమీటర్ల లోపల ఉన్న మనకు, మే నెల ఎండలో కొరియర్ ప్యాకెట్‌లో ఇది ప్రాణాలతో చేరాలి. చలికాలంలోనే తెప్పించుకోవాలని నేను చెప్పేది అందుకే.

పెప్పర్‌మింట్ రొయ్య కాస్త అందుబాటులో ఉండేది. చిక్కు ఏమిటంటే ఆ పేరుతో అమ్మేవి ఒకే జాతి కాదు. లైస్మాటా గుంపులో చూడ్డానికి ఒకేలా ఉండేవి చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని ఐప్టేసియా తింటాయి, కొన్ని పట్టించుకోవు. అంతకంటే పెద్ద మోసం క్యామెల్ రొయ్య. వీపు మీద గూని, ఎరుపు మీద తెల్లటి గీతలు, చుక్కలు, పైకి లేచిన ముక్కు ఉంటే అది క్యామెల్. అది మన పాలిప్‌లనే తింటుంది, ఐప్టేసియాను కాదు. అసలు పెప్పర్‌మింట్ ఒళ్లు పారదర్శకంగా ఉండి, పొడుగునా ఎర్రటి చారలుంటాయి, తెల్ల చారలుండవు. దుకాణదారుకు కూడా తేడా తెలియకపోవచ్చు, ప్యాకెట్ మీద రాసి వచ్చిందే ఆయనా చెబుతాడు. కొనే ముందు టార్చి వేసి చూసుకోవడం మన పని.

సరైన రొయ్య దొరికినా చిన్న ఐప్టేసియాలనే ఇష్టంగా తింటుంది. పెద్దవాటిని సున్నంతో మనం చంపాలి, పిల్లల్ని అది ఏరుకోవాలి. దానికి రోజూ కడుపునిండా మేత పడుతుంటే ఈ పని చెయ్యదు. రెండు పూటలా మేత వేసి "రొయ్య పనిచెయ్యట్లే" అంటే రొయ్య తప్పు కాదు. బెర్గియానూ రొయ్యలనూ కలిపి వెయ్యొద్దు, ఖరీదైనది చవకైనదాని నోట్లో పడుతుంది.

కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప బాగా తింటుందని పేరు. నిజమే, తింటే. చాలా కాపర్‌బ్యాండ్‌లు కొత్త ట్యాంకులో తిండే ముట్టక నీరసించి పోతాయి. మూడు, నాలుగు అడుగుల ట్యాంకులో దాన్ని పెట్టడం ఎనిమోన్‌ను వదిలించుకోవడానికి చేపను బలిపెట్టడమే. అది నాకు నచ్చదు.

మజానో గురించి రెండు ముక్కలు. ఇదీ ఎనిమోనే, కానీ టెంటకిల్స్ పొట్టిగా, చివర ఉబ్బి, తరచు ఆకుపచ్చగా ఉంటాయి. అందంగా ఉంటుంది కాబట్టే జనం ఉంచుకుంటారు. ఇది ఒంటిని నిలువుగా రెండుగా చీల్చుకుని కూడా పెరుగుతుంది. బెర్గియా దీన్ని ముట్టదు, రొయ్యల మీద ఆశ పెట్టుకోవద్దు. సున్నం ముద్దే దారి, లేదా రాతి ముక్కతో సహా చెక్కి తీసేయాలి.

చాపలా పరుచుకునేవి

ఇప్పటిదాకా చెప్పినవి దొంగదారిన వచ్చినవి. ఇక మనమే కొని తెచ్చుకున్నవాటి సంగతి. గ్రీన్ స్టార్ పాలిప్స్, జీనియా, క్లోవ్ పాలిప్స్, జోయాంథిడ్లు. మొదటి ఏడాది ఇవి "బిగినర్ పగడాలు". రెండో ఏడాది ఇవే బెడద.

మన దేశంలో ఈ బెడద ఎక్కువగా కనిపించడానికి ఒక కారణం చట్టంలో కూడా ఉందని నాకనిపిస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాతి పగడాలను, సీ ఫ్యాన్లను, నల్ల పగడాలను షెడ్యూల్ 1లో చేర్చింది, అంటే పులికి ఇచ్చిన రక్షణే. మన తీరం నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. అలా తీయకూడదు కూడా. కాబట్టి జాగ్రత్తగా ఉండేవాళ్లు మెత్తని పాలిప్‌ల వైపే మొగ్గుతారు. మెత్తనివాటిలో చవకైనవి, తొందరగా పెరిగేవి ముందు అమ్ముడవుతాయి. తొందరగా పెరగడమే వాటి సమస్య.

వీటి పెరుగుదల ఐప్టేసియాలా కాదు. గ్రీన్ స్టార్ పాలిప్స్ అడుగున ఊదారంగు చాప ఒకటి ఉంటుంది. అది రాతి మీద పాకుతూ పోతుంది, దాని మీద పాలిప్‌లు మొలుస్తాయి. పైకి వందల తలలు కనిపించినా కింద ఒకే దుప్పటి. ఒక్కో పాలిప్‌కు సున్నం పెట్టడం అర్థం లేని పని. చాప అంచు కింద ప్లాస్టిక్ కార్డు దూర్చి, రాతి నుంచి ఊడదీయాలి. నునుపైన గాజు మీద అయితే తోలులా ఊడొస్తుంది. గరుకు రాతి మీద అలా రాదు. మిగిలిన ముక్కల మీద ఎపాక్సీ పుట్టీ గట్టిగా అదిమి, అంచులు మూసేయాలి. వెలుతురూ నీళ్ల కదలికా అందకపోతే అడుగునే చస్తుంది. జీనియా కాలితో జరుగుతుంది, తెగిన ముక్క ఎక్కడ తగిలితే అక్కడ నాటుకుంటుంది. దాన్ని కోసేటప్పుడు పంపులు ఆపి, ముక్కల్ని పైపుతో అక్కడికక్కడే లాగెయ్యాలి.

ఇలాంటివి ఉంచుకోవాలనుకుంటే ఇసుక మధ్యలో వేరే రాయి మీద పెట్టి, పెద్ద రాళ్లకు తగలకుండా ఒక జానెడు ఎడం ఉంచాలి. వెనక గాజుకు ఆనించొద్దు. నెలకోసారి అంచులు కత్తిరించాలి. పెద్ద రాయికి పాకిన రోజు నుంచి అది మీ చేతుల్లో లేదు.

రాయి ఉడకబెట్టొద్దు

జోయాంథిడ్లు, వాటి దగ్గరి చుట్టమైన పాలిథోవా కూడా చాపలా పరుచుకునేవే. కానీ వీటిని మిగతావాటితో కలిపి మాట్లాడకూడదు. వీటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రొటీన్లు కాని సహజ విషాల్లో మనిషికి తెలిసిన అతి తీవ్రమైనవాటిలో ఇదొకటి. 1971లో హవాయి శాస్త్రవేత్తలు మూర్, షూయర్ దీన్ని అక్కడి పాలిథోవా నుంచి వేరు చేశారు. హవాయి పాతకాలపు యోధులు ఒక గుంటలో దొరికే ఆ జీవాన్ని బల్లెపు మొనలకు పూసుకునేవారని అక్కడి కథ.

మన ఒంట్లో ప్రతి కణం పైపొరకూ సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి నెట్టే పంపులుంటాయి. పాలిటాక్సిన్ వాటికి అతుక్కుని, పంపును తెరిచిన రంధ్రంగా మార్చేస్తుంది. అటూ ఇటూ ఉండాల్సినవి ఇష్టమొచ్చినట్టు పారతాయి. కండరాలు, గుండె, ఊపిరితిత్తులు అన్నిటి మీదా దెబ్బ పడుతుంది. దీనికి విరుగుడు మందు లేదు, లక్షణాలకు చికిత్స చేస్తూ నిలబెట్టడమే.

ఏ జోయాంథిడ్‌లో ఎంత విషముందో రంగును బట్టి చెప్పలేం. ఒకే దుకాణంలో కొన్న రెండు ముక్కల మధ్య కూడా ఎంతో తేడా ఉండొచ్చు. నీళ్లలో కదలకుండా ఉన్నంతసేపు గొడవ లేదు. గొడవ మొదలయ్యేది వాటిని వదిలించుకోవాలనుకున్న రోజున. రాయి బయటికి తీసి మరిగే నీళ్లలో ముంచితే విషం చావదు, ఆవిరితో, తుంపరలతో గాల్లోకి లేస్తుంది. అలాస్కాలో 2012 నుంచి 2014 మధ్య ఇళ్లలో, అక్వేరియం దుకాణాల్లో ఇలా పీల్చి జబ్బుపడిన సంఘటనలను అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2015లో నమోదు చేసింది. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ట్యాంకులోని పగడం తీసి శుభ్రం చేసిన ఇంట్లో కుటుంబం మొత్తం ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది, సాయానికి వచ్చిన అగ్నిమాపక సిబ్బందితో సహా.

ఐప్టేసియా మీద శుభ్రంగా పనిచేసే మరిగే నీళ్లు, జోయాంథిడ్ ఉన్న రాతి మీద ఇంటిల్లిపాదికీ ప్రమాదం. బ్రష్‌తో రుద్దడం, ప్రెషర్ పైపు కొట్టడం, ఎండబెట్టి రంపంతో కోయడం కూడా అంతే. మే నెలలో మిద్దె మీద రాళ్లు పరిస్తే నాలుగు రోజుల్లో ఎండిపోతాయి, ఐప్టేసియా రాతికి అది మంచి ఉపాయం. పిల్లలు తిరిగే మిద్దె మీద జోయాంథిడ్ రాయి ఎండబెట్టడం మాత్రం వద్దే వద్దు.

మరి ఏం చెయ్యాలి? కొద్దిగా ఉంటే నీటి అడుగునే ఎపాక్సీతో కప్పెయ్యాలి. ఎక్కువ ఉంటే ఆ రాయి మీద ఆశ వదులుకోవాలి. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, నీళ్లలో ఉండగానే రాయిని బకెట్లోకి మార్చి, ఆరుబయట ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ముంచి కొన్ని గంటలు ఉంచాలి. బ్లీచ్ ఈ విషాన్ని విరుస్తుంది. దాంట్లో వెనిగర్ లాంటి పులుపు ఏదీ పడకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. చేతికి గాయముంటే ఆ రోజు పని పెట్టుకోవద్దు. తర్వాత నోట్లో చేదు, ఇనుము రుచి, చలిజ్వరం, దగ్గు, ఆయాసం, కండరాల నొప్పి, కళ్ల మంట కనిపిస్తే ఎంజీఎం ఆసుపత్రి అయినా మరోటి అయినా వెంటనే వెళ్లాలి. వెళ్లేటప్పుడు "పాలిటాక్సిన్, సముద్రపు పాలిప్ నుంచి" అని ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇలాంటి కేసు అక్కడి డాక్టరు ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు, మామూలు జ్వరమనుకుంటే సమయం పోతుంది.

నట్టల మందు సంగతి

హైడ్రాయిడ్లు చిన్నవి, సన్నటి వేళ్ల వలతో రాళ్ల మీద అల్లుకుంటాయి. పక్కనున్న పగడాన్ని కుడుతుంటాయి. వీటికి సిరంజి చాలదు, తినే జీవి కూడా నమ్మకంగా దొరకదు. ఇక్కడే గొర్రెలకు తాపే ఫెన్‌బెండజోల్ ప్రస్తావన వస్తుంది. పశువుల మందుల షాపుల్లో దొరుకుతుంది, హైడ్రాయిడ్లనూ క్లోవ్ పాలిప్స్‌నూ చంపుతుంది. అయితే దానికి మన అభిమతం తెలియదు. జీనియా, గ్రీన్ స్టార్, గొట్టపు పురుగులు, కొన్ని నత్తలు కూడా దానికి బలవుతాయి. రాయి దాన్ని పీల్చుకుని చాలాకాలం ఉంచుకుంటుంది. నడుస్తున్న ట్యాంకులో దీన్ని కలపడానికి నేను ఒప్పుకోను. ఆ ఒక్క రాయిని వేరే బకెట్లో ఉప్పునీళ్లు, గాలి పంపు పెట్టి అక్కడ వాడటం ఒక్కటే కాస్త సమంజసం.

ఇక్కడ ఎందుకు ఇంత జోరుగా పెరుగుతాయి

పాలిప్ రావడానికి ఒక కారణం, నిలదొక్కుకోవడానికి మరో కారణం. ఒక్క ఐప్టేసియా రాయితో రావచ్చు. అది వంద అయ్యిందంటే దానికి తిండి దొరికిందని అర్థం. చేపలకు ఎక్కువ వేసిన మేత ఒక దారి. నీళ్లు మరో దారి. మన ప్రాంతపు బోరు నీళ్ల గట్టిదనం ఇంట్లో గిన్నెల మీది తెల్లటి పొరను చూస్తేనే తెలుస్తుంది. ఇంట్లో ఆర్‌ఓ ఉందిగా అనుకుంటారు. తాగే నీటికి పెట్టిన చాలా ఆర్‌ఓ యంత్రాల్లో రుచి కోసం కొంత ముడి నీటిని తిరిగి కలిపే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క) కంట్రోలర్ ఉంటుంది. దాన్ని తప్పించి, మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చే నీటిని పట్టుకుని, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ గుండా పంపి టీడీఎస్ సున్నాకు తెస్తేనే ట్యాంకుకు పనికొస్తుంది.

ఇక మే నెల. బయట 43, 44 డిగ్రీలు, మధ్యాహ్నం కరెంటు పోతుంది, నీళ్లను చల్లబరిచే చిల్లర్ ఆగుతుంది, ట్యాంకు నీళ్లు 31, 32కు చేరతాయి. పగడాలు శైవలాలను వదిలేసి తెల్లబడతాయి, కొన్ని చస్తాయి. ఐప్టేసియాకు ఆ పరీక్ష పెద్దది కాదని ముందే చెప్పుకున్నాం. జూన్‌లో వానలు పడి ట్యాంకు చల్లబడేసరికి చచ్చిన పగడాల చోటు ఖాళీగా ఉంటుంది, పట్టుకునేది అదే. అందుకే ఎండాకాలం ముందు, ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఐప్టేసియా లెక్క తగ్గించుకోవాలంటాను. వేసవిలో ఎక్కువ డబ్బు పెట్టాల్సింది మందుల మీద కాదు, ఇన్వర్టర్ మీద.

పూర్తిగా సున్నాకు తేవాలన్న పట్టుదల చాలా ట్యాంకుల్ని పాడు చేసింది. పగుళ్లలో నాలుగు ఐప్టేసియాలు మిగిలి, అవి పగడాలకు తగలకుండా, లెక్క పెరగకుండా ఉంటే అది చెడ్డ ట్యాంకు కాదు. అన్ని రాళ్లూ నిండిపోయి, సంప్‌లో (ట్యాంకు కింది ఫిల్టర్ తొట్టిలో), పైపుల్లో కూడా కనిపిస్తే మాత్రం సిరంజితో ఏళ్లు గడపడం దండగ. రాళ్లు మార్చడమే చవక. చేపల్ని వేరే తొట్టిలో పెట్టి, జోయాంథిడ్లు లేవని రూఢి చేసుకున్న రాళ్లను ఎండబెట్టి, మళ్లీ మొదటి నుంచి సైకిల్ చేయించాలి, అంటే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా నిలదొక్కుకునే దాకా ఆగాలి. ఎండిన రాతిలో మిగిలిన మృతకణజాలం అమ్మోనియా, ఫాస్ఫేట్ వదులుతుంది కాబట్టి ఆ రాళ్లను వేరే డ్రమ్ములో ఉప్పునీళ్లలో నానబెట్టి, పరీక్షించుకున్న తర్వాతే ట్యాంకులో పెట్టాలి.

కొత్తగా తెచ్చే పగడపు ముక్కల విషయానికొస్తే, ఐప్టేసియా ఎక్కువగా వచ్చేది పగడం మీద కాదు, దాని కింద అతికించిన సిమెంటు ప్లగ్ మీద, అందులోనూ అడుగు వైపు. కొత్త ముక్కల్ని ముంచి తీసే డిప్ మందులు దాన్ని నమ్మకంగా చంపవు. కాబట్టి పగడాన్ని ప్లగ్ నుంచి వేరు చేసి కొత్త ప్లగ్ మీద అంటించి, పాతది పారెయ్యడం మేలు. జోయాంథిడ్ ముక్కైతే దాన్ని ఊడదీయకుండా ప్లగ్‌తోనే ఉంచి, ప్లగ్ చుట్టూ గమ్ పూసేయాలి. ఆ తర్వాత ఒక చిన్న తొట్టిలో నెలకు తక్కువ కాకుండా వేరుగా ఉంచి, లైట్లు ఆరాక టార్చితో అడుగు నుంచి చూడాలి, ఐప్టేసియా పిల్లలు రాతిరి చీకట్లో టెంటకిల్స్ చాచి సులువుగా దొరికిపోతాయి.